ఎదురు మెలిక

ఆ రాకెట్ ఇంజన్ పగిలింది నీ వెల్డింగ్ వల్ల కాదు బాబాయ్. నా లెక్క వల్ల.

హమ్మయ్య, అనేశాను. తొమ్మిది రోజులుగా ఈ మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. అద్దం ముందు కూడా అనలేకపోయాను, తెలుసా?

అలా చూడకు. పోనీ చూడు, తిట్టు, ఏదో ఒకటి అను! ఆ స్పానర్‌ని ఇప్పటికి నాలుగుసార్లు తుడిచావు. ఇరవై ఆరేళ్లు వెల్డింగ్ టార్చి పట్టిన చేతికి నూనెగుడ్డ ఇచ్చి, ఆర్నెల్లుగా ఈ టూల్ రూంలో కూర్చోబెట్టారు. ఎవరివల్ల? అయినా పొద్దున్న నాకు టీ తెచ్చి బల్లమీద పెట్టావు.

విను. ఇంధనం ఇంజన్‌లోకి తిన్నగా పోదు కదా, గోడవారగా దూరి గిర్రున తిరుగుతూ పోతుంది. ఇంజెక్టర్‌కి ఆ సన్నటి రంధ్రాలు తొలిచింది నువ్వే. అలా తిరిగేదాంట్లో ఓ చిన్న వణుకు పుడితే అది చచ్చిపోతుందా, పెరిగి పెరిగి ఇంజన్నే కుదిపేస్తుందా? అది చూడడమే నా పని. ఆ వణుకు మెలికలు తిరుగుతుంది. ప్రవాహం తిరిగే వైపుకి ఒక మెలిక, ఎదురు వైపుకి ఒకటి. కుడి మర, ఎడమ మర అనుకో.

నా చదువంతా పాత పుస్తకాల్లోంచి నేను ఏరుకున్నదే కదా. వాటిలో ముందు వచ్చేవి తిన్నగా పోయే ప్రవాహాలు. అక్కడ రెండు మెలికలూ అచ్చం ఒకటే. ఒకటి చూస్తే రెండోది చూసినట్టే. సగం పని తగ్గిందని మురిసిపోయాను! ఆ అలవాటు చేతికి అంటుకుపోయి, మన ఇంజన్‌కీ ఒక్క వైపే లెక్క వేశాను. తిరిగే ప్రవాహంలో అవి ఒకటి కావు బాబాయ్. ఎదురు మెలికే అసలు ప్రమాదం.

పైగా రిపోర్టులో ఏం రాశానో తెలుసా? "రెండు వైపులా పరిశీలించడమైనది. స్థిరంగా ఉన్నది." పరిశీలించడమైనదట! ఎవరు పరిశీలించారట?

ఇంజన్ పగిలాక అందరూ అతుకు దగ్గర చీలిక చూశారు, నిన్ను చూశారు. నా కాగితం ఎవరూ తెరవలేదు. నేనూ తెరవలేదు. తొమ్మిది రోజుల కిందట కొత్త ఇంజన్ కోసం తెరిచి, ఊరికే, ఎదురు మెలికకి కూడా లెక్క వేసి చూశాను. పెరుగుతోంది. సెకనుకి వెయ్యిన్నీ అరవైసార్లు వణుకుతూ పెరుగుతోంది. ఇంజన్ పగిలిన రోజు రికార్డరు గీసిన వణుకు వెయ్యిన్నీ ఎనభై, ఇంచుమించు అదే. ఇంకేం కావాలి?

మేడం గది గుమ్మం దాకా మూడుసార్లు వెళ్లాను. డిగ్రీ లేనిదాన్ని "దీని పూచీ నాది" అని తెచ్చి కూర్చోబెట్టింది ఆవిడ. ఏ మొహం పెట్టుకుని చెప్పను? లెక్క తప్పిందంటే క్షమిస్తుందేమో. చూడకుండా చూశానని ఎందుకు రాశావే అంటే?

ఈసారి అతుకు మందంగా వేశారుగా, తట్టుకుంటుందేమో అనుకుంటూ రోజులు నెట్టాను. లెక్కలు కట్టేదాన్ని, "ఏమో" అనుకుంటూ!

ఇవాళ నాలుగింటికి కొత్త ఇంజన్‌ని పరీక్షకి మండిస్తారు. అదే ఇంజెక్టర్, అవే రంధ్రాలు. పగిలితే ఈసారి బలయ్యేది ఆ కొత్త వెల్డరు. నిన్న వచ్చి "మాస్టారూ, నా అతుకు ఒక్కసారి చూసిపెట్టండి" అని బతిమాలాడు కదా. నువ్వు వేలితో తడిమి తలూపావు. బాగానే వేశాడు. నీదీ బాగానే ఉండింది. వేలితో తడిమితే తెలిసేది కాదిది.

నన్నేం చెయ్యమంటావు?

గుడ్డ కింద పెట్టావేం? ఎక్కడికి లేస్తున్నావు? నువ్వెళ్లి చెబితే ఎవరు నమ్ముతారు బాబాయ్? తన మీద మచ్చ చెరుపుకోడానికి అంటున్నాడంటారు.

ఓహో. ఫోనా. రిసీవరు తీసి నా మొహం ముందు పట్టుకుని నిలబడ్డావు.

టైమెంత? రెండూ ముప్పావు. ట్యాంకులు నింపుతూ ఉంటారు. మేడం ఆపమంటే ఇంకా ఆగుతుంది.

ఇలా ఇవ్వు. దగ్గరికి జరుగు, వైరు అందడం లేదు. ఉద్యోగం పోతే నీ పక్కనే కూర్చుని స్పానర్లు తుడుస్తాను... అదీ ఇవ్వరులే.

చీటీ వెతక్కు, మేడం నంబరు నాకు కంఠతా వచ్చు. రోజూ సగం నొక్కి ఆపేస్తున్నదే కదా. మిగతా సగం ఇవాళ నొక్కుతాను.