బాలన్న తలకాయ సీడీ

ఏయ్ రంజిత్, ఆగాగు. ఆ పాత సీడీలు చేన్ల కట్టేముందు ఏది ఏందో చూసినవా? నవ్వకు. కూసో, చెప్త. పిట్టలు బెదరనీక సీడీలు కట్టుడు మన గట్టు ఊర్ల మొదలువెట్టిందే బాలన్న. నీకు తెల్వదులే, నువ్వు అప్పటికి పొట్టెగానివి. ఆయన చేను మా చేను పక్కనే. గద్వాలల సీడీల దుకాణపోడు గీతలు పడ్డయి బయటేస్తే సంచి నిండ ఏరుకొచ్చేటోడు. ఎడ్లబండి ఎనక రెండు కొట్టిండు, లారీ లైటు పడితే మెరవాలె అని. మనవరాలి ఉయ్యాలకు ఇన్ని కట్టిండు. పెండ్లాం నాగేంద్రమ్మ, "ఇగ నా ముక్కుకు గూడ ఒకటి కట్టు, ముక్కుపుల్ల ఎట్లా చేపియ్యవైతివి" అని లొల్లి.

ఏం చెప్తున్న... ఆఁ, బాలన్నకు తలకాయ నొప్పి వట్టుకుంది. పొద్దుగాల లేస్తే చాలు, తల పట్టుకొని వాంతులు చేస్కునేటోడు. కర్నూలుకు పోయి స్కానింగ్ తీపిచ్చుకున్నడు. స్కానింగ్ తీసినోళ్లు సీడీ చేతుల వెట్టి, రేపు పెద్ద డాక్టరుకు చూపియ్యమన్నరు. ఈయన ఏం జేసిండో తెల్సా? ఇంటికి తెచ్చి, సీన్మాలు చూసే మిషన్ల ఏసిండు! నేనూ ఆడనే ఉన్న. అందరం నోర్లు తెరుస్కొని కూసున్నం. బొమ్మ లేదు, సప్పుడు లేదు. తువ్వాలతోని తుడిచి మళ్ల ఏసిండు. ఊహూఁ. ఇగ లేసి ఒకటే నవ్వుడు, "సూసిన్రా, నా తలకాయల ఏం లేదు! ఉంటే కనవడకపోవునా?" నాగేంద్రమ్మ ఊకుంటదా, "అది నాకు పెండ్లినాడే తెల్సు, దానికి కర్నూలు దాంక పోవాల్నా" అన్నది. పొట్టలు పట్టుకొని నవ్వినం. ఆయన నిజంగనే నమ్మిండ్రా! డాక్టరు కాడికి పోనేలేదు. గోలీలు మింగుకుంట జొన్నలు విత్తిండు, ఖరాబు సీడీ అని దాన్ని గూడ దారానికి గుచ్చి చేన్ల కట్టిండు.

కంకి పాలు పట్టంగ పడిపోయిండు. చేన్లనే, చేతుల పిట్టల గొట్టే ఒడిసెల పట్టుకునే. నేను, నాగేంద్రమ్మ జీపుల ఏస్కొని కర్నూలు పోతే, డాక్టరు "పాత స్కానింగ్ సీడీ ఏది?" అన్నడు. అదే జీపుల ఊరికి ఉరికొచ్చి చేన్ల నిలవడితే, అన్నీ ఒక్కతీరే తిరుగుతున్నయ్! రాతలు ఎండకు పోయినయ్. ఏది పాటలదో, ఏది మనిషిదో ఎట్ల తెలుస్తది? దారాలన్నీ తెంపి మూట గట్కొని పోయిన. డాక్టరు ఒక్కొక్కటి కంప్యూటర్ల ఏస్తుండు. ఒకదాంట్ల పెండ్లి బ్యాండు, ఒకదాంట్ల భజన. పక్క అర్రల మనిషి ఉలుకు పలుకు లేక పడి ఉంటే, ఈడ బ్యాండు మోగుతుందిరా!

ఆఖరికి దొరికింది. తెల్లగ తలకాయ, దాంట్ల రేగుపండంత మచ్చ. ఎంత సాఫ్‌గ కనవడ్తుందో! "అప్పుడే తెస్తే తీసేసేటోళ్లం కదయ్యా. ఇప్పుడు చెయ్యి దాటిపోయింది" అన్నడు డాక్టరు. "ఇన్ని రోజులు ఇది ఎక్కడున్నది?"

నాగేంద్రమ్మనే చెప్పింది.

"చేన్ల, సారూ. పిట్టలకు కట్టినం."

...

ఎండ ముదురుతుంది. ఆ నీళ్ల చెంబు ఇటియ్యి.