గంటలో చెల్లెలి ఊరు

విమానాశ్రయం గోడ పక్కన టీ కొట్టు, దానికెదురుగా దర్జీ బాబాయి కొట్టు. బట్టలకన్నా కోతలే ఎక్కువ కోస్తాడని పేరు. భార్య పోయాక అది మరీ ముదిరింది. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పి ఇటు వచ్చాడంటే, టీ అక్క ఆఖరి గ్లాసు కడిగేదాకా బెంచీ మీంచి లేవడు.

ఆవేళ నెత్తిమీంచి విమానం పోతుంటే, రోజూ టీకి వచ్చే వెల్డరు ఊరుకోలేక అడిగాడు. "బాబాయ్, మీ చెల్లెలుండే ఊరు ఎంత దూరం?"

"రోడ్డు మీదైతే ఆరొందల కిలోమీటర్లు. విమానంలో గంట. అదీ మామూలు జనానికి. మొన్న నేను వెళ్తే ముప్పావు గంటే పట్టింది. ఎందుకంటావా? కిటికీ పక్కన కూర్చుని చూస్తున్నానా, రెక్క మీద రేకు లేచి టపటపా కొట్టుకుంటోంది. పైలట్ పరిగెత్తుకొచ్చి, 'దర్జీగారూ, ఇక మీరే దిక్కు' అన్నాడు."

"నువ్వు దర్జీవని అతనికెలా తెలుసు?" అంది టీ అక్క.

"మెడలో టేపు ఉందిగా తల్లీ! జేబులో సూదీ దారం ఎప్పుడూ ఉండేవేనాయె. రెక్కెక్కి కూర్చుని కుట్టేశాను."

"రేకులో సూది దిగుతుందా?"

"వెల్డింగు చేసుకునేవాడివి, కుట్టు సంగతి నీకేం తెలుసురా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెక్క బిగుసుకునేసరికి విమానం బాణంలా దూసుకుపోయింది. నేనింకా బయటే! చలికి ఓ మేఘం చించి చొక్కాకి లైనింగు వేసుకున్నా. వాచీ చూస్తే ముళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి. దిగేసరికి మనం బయల్దేరే టైమే ఇంకా కాలేదు! చెల్లెలికి ఫోన్ చేసి, బయల్దేరుతున్నానే అన్నా. 'అన్నయ్యా, మా గుమ్మంలోనే ఉన్నావు కదా' అంది."

అందరూ పగలబడి నవ్వారు. బాబాయి మాత్రం నవ్వకుండా చెప్పుకుపోయాడు.

"ఎంత చిక్కిపోయావన్నయ్యా అని ఒకటే ఏడుపు. స్నానానికి వేణ్ణీళ్ళు తోడింది. నా చొక్కాకి ఊడిన గుండీ తనే కుట్టింది, దర్జీని నన్ను పక్కన పెట్టుకుని! పిల్లలు మావయ్యా మావయ్యా అంటూ వదల్లేదు. పక్క వేసి, ఇక్కడే ఉండిపో అంది..."

మూల కూర్చున్న లారీ డ్రైవరు గ్లాసు కింద పెట్టాడు.

"గంటలో వెళ్ళగలిగినవాడివి, రోజూ పొద్దుపోయేదాకా మా దగ్గరెందుకు కూర్చుంటావు బాబాయ్?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బాబాయి ఖాళీ గ్లాసుని అటూ ఇటూ తిప్పాడు.

"విమానం ఎక్కిందే లేదురా," అన్నాడు చివరికి. "చెల్లెలు రమ్మంటూనే ఉంది. వెళ్తే మళ్ళీ రావాలి కదా. నాలుగు రోజులు మనుషుల మధ్య ఉండి వచ్చి, ఆ ఖాళీ ఇంటి తాళం తీసి, చీకట్లో తడుముకుంటూ లైటు వేసుకోవాలంటే... ఇప్పుడైతే ఎలాగో అలవాటు పడ్డాను."

డ్రైవరు లేచి వచ్చి అతని పక్కన కూర్చున్నాడు.

"రేపు పొద్దున నా లారీ అటే పోతోంది. చీకటి పడేసరికి చేరతాం. తిరిగొచ్చేటప్పుడు నీతో ఇంటిదాకా వస్తాను. లైటు నేను వేస్తాలే."

వెల్డరు బూటు ముక్కుతో నేల రాస్తూ కూర్చున్నాడు. టీ అక్క స్టవ్వు తగ్గించింది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. ఏదో కోస్తాడనుకున్నారు.

"ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు మెల్లిగా.