గాలం ముడి

మీ లాడ్జీలో ఈ కిటికీ గడియ వదులుగా ఉందమ్మా. చూడు, వేలితో తోస్తే ఊడొచ్చింది. చెరువు మీది గాలి కొట్టిందంటే తెల్లవార్లూ టపటపలాడుతుంది. ఇంక నిద్రెక్కడ?

పరుపు కూడా మరీ మెత్తగా ఉంది. మెత్తగా ఉంటే మంచిదేగా అంటావు. నీకేం, వయసులో ఉన్నదానివి. మా ఈడువాళ్ళు ఇలాంటి పరుపులో దిగబడితే పొద్దున్నే పైకి లాగడానికి ఓ మనిషి కావాలి.

ఇంత చిన్న గదిలో రెండు మంచాలు ఇరికించడం ఎందుకు? ఒకటి తీసేస్తే కాళ్ళు చాపుకోడానికి చోటుండేది.

ఏదీ, ఆ కొళాయి తిప్పు. ఊఁ. వేడినీళ్ళు అప్పుడే వచ్చేస్తున్నాయే. ఇంత తొందరగా వస్తే ఎవడో ఒకడు ఒళ్ళు కాల్చుకుంటాడు. అది కూడా చెప్పాలి వాళ్ళకి.

ఎవరికేంటి, నా స్నేహితులకి. వచ్చే వారం నలుగురం వస్తున్నాం కదా, చేపలు పట్టుకోడానికి. మందుల షాపాయన ఫోన్ చేసి గదులు చెప్పాడే, ఆ జట్టే. అందులో నేనొకణ్ణి. ముందోసారి కళ్ళారా చూసిపోదామని బస్సెక్కి వచ్చాను. నేనొచ్చినట్టు వాళ్ళకి తెలీదు. నువ్వూ చెప్పక్కర్లేదు.

అలా నవ్వకమ్మా. బస్సు డిపోలో మెకానిక్కుగా చేసినవాణ్ణి. బ్రేకు నేను తొక్కి చూడందే ఏ బండీ గేటు దాటేది కాదు. అలాంటివాణ్ణి, ఎవరో ఫోన్లో బొమ్మలు చూపించగానే లాడ్జీకి సరే అనేస్తానా?

అనేశాను. అదే నా బాధ.

ఇన్నేళ్ళూ మా జట్టుకి లాడ్జి కుదిర్చింది నేనమ్మా. అవతలి గట్టు మీద, చెట్ల వెనకాల రేకుల కప్పు కనపడుతోందే, ఏటా మేం దిగేది అందులోనే. బాత్రూముకి గది దాటి బయటికి పోవాలి. ఫాను దాని ఇష్టం, తిరిగితే తిరుగుతుంది. ఆ లాడ్జీ ఆయన మనిషిని చూస్తే కసురుకుంటాడు, చేపని చూస్తే నవ్వుతాడు. అయినా ఏ ఒక్కడూ, ఏ ఒక్క ఏడూ కిక్కురుమనలేదు. గట్టు దిగితే నీళ్ళు. నీళ్ళ పక్కన ఓ రాతి పలక. దాని మీద ఇద్దరే పడతారు. నేనూ, కొంగా.

కొంగంటే పక్షి కాదు. మా డ్రైవరు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు, మెడ ముందుకి పెట్టి నడుస్తాడు. డిపోలో చేరిన నాడే ఎవరో కొంగ అన్నారు, అదే నిలిచిపోయింది. వాళ్ళావిడ కూడా 'మా కొంగగారు' అనే అంటుంది. నన్ను స్పానరంటారు. ఎందుకో చెప్పక్కర్లేదుగా.

ఈ ఏడు ఏమైందంటే, మా నాలుగోవాడు టైలరు, వాడి కొట్లో కూర్చున్నాం. ఏటా ఈ కబురుకి అక్కడే కూర్చుంటాం. నేనింకా నోరు తెరవనే లేదు, మందుల షాపాయన ఫోన్ తీసి కుట్టుమిషను మీద పెట్టాడు. ఈ గది, ఈ పరుపు, ఈ అద్దం, అన్నీ తళతళ. 'అబ్బ, నిలువుటద్దమే' అన్నాడు టైలరు. వాడంతే, ఎవరికి ఏ కొలత కావాలంటే ఆ కొలతే ఇస్తాడు. నేను కొంగ వైపు చూశాను. 'నువ్వేమంటావురా?' అన్నాను.

'ఈసారికి ఇక్కడికి పోదాం లేరా స్పానరూ. మార్పుగా ఉంటుంది' అన్నాడు.

మార్పట. ఈ వయసులో వాడికి మార్పు కావాల్సి వచ్చింది.

'అలాగే, మీ ఇష్టం' అన్నాను. నేను 'మీ ఇష్టం' అన్నానంటే దానర్థం ఏంటో కొంగకి తెలుసు. తెలియనట్టు టీ తాగాడు.

సరే, మిగతా గదులేవీ? పైనా? మరి నన్ను తిన్నగా ఈ కింద గదిలోకే తీసుకొచ్చావేం?

మోకాళ్ళ నొప్పులాయన కోసం ఇది అట్టేపెట్టమన్నారా? ఓహో. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఆ మోకాళ్ళాయన నేనే అని కనిపెట్టేశావన్నమాట.

చూశావా ఆ షాపాయన తెలివి? నన్ను కింద పారేసి ముగ్గురూ పైన. వాళ్ళు పైన కబుర్లు చెప్పుకుని నవ్వుకుంటుంటే, నేను కింద పడుకుని సీలింగు వైపు చూస్తూ, కొంగ ఏమన్నాడో ఏమన్నాడో అని చెవులు రిక్కించుకోవాలి. అంతేగా?

పద, పైకి పద. వద్దంటావేంటి, మెట్లెక్కలేననా? బస్సుల కిందా మీదా పాకినవాణ్ణి. నువ్వు ముందు నడువు. వెనక్కి తిరిగి చూడకు, చాలు.

ఇదిగో, వచ్చాను. ఆయాసం కాదమ్మా, మీ మెట్లే ఎత్తుగా ఉన్నాయి. కట్టినవాడెవడో మనుషుల కోసం కట్టలేదు.

ఇదా బాల్కనీ. ఊఁ.

నీళ్ళు బాగానే కనిపిస్తున్నాయి. ఎక్కడ చేప మసులుతోందో ఇక్కణ్ణించే చెప్పొచ్చు. అదిగో, ఆ రెల్లు పక్కన ఓ సుడి లేచింది చూడు. బాగుంది. ఏం చెప్పమంటావు, బాగుంది. దీనికి వంక పెట్టడం నా వల్ల కావడం లేదు.

ఈ కుర్చీలు ఎవరు వేశారు? రెండే వేశారేం? ఇందులో కొంగ, అందులో ఆయన. ఇప్పుడే కూర్చున్నట్టు కనిపిస్తున్నారు నాకు.

నేను ఆ కుర్చీలో కూర్చోనులే. ఈ పై మెట్టు చాలు. పనుంటే పో. లేదా? అయితే నువ్వూ కూర్చో.

మా డిపోలో ఓసారి పెద్ద సమ్మె అయింది. సగంమందిని ఇంటికి పంపేస్తామన్నారు. గేటు ముందు కూర్చున్నాం. పోలీసులొచ్చారు. నా తల మీదికి లాఠీ దిగుతుంటే, పక్కనున్న కొంగ చెయ్యి అడ్డం పెట్టాడు. అంతే. ఆలోచించి పెట్టలేదు, ఈగని తోలినట్టు పెట్టాడు. కుడిచేతి రెండు వేళ్ళు చితికాయి. సమ్మె గెలిచాం. వేళ్ళు మాత్రం రాలేదు. స్టీరింగు పట్టుకోగలడు, గుండీ పెట్టుకోలేడు.

గాలం ముడి అసలే వేసుకోలేడు. సన్నటి నైలాను దారం, చిన్న ముల్లు. రెండు చేతులూ బాగున్నవాళ్ళకే కష్టం. అప్పట్నించీ వాడి ముల్లు నేను కడతాను. ముల్లు తెగిపోయిందనుకో, వాడు నన్ను పిలవడు, నా వైపు చూడను కూడా చూడడు. గాలం కర్ర కొస నా ఒళ్ళోకి వంచుతాడు. నేను కట్టి వదుల్తాను. మాటల్లేవు. మా ఇద్దరి మధ్య మాట్లాడుకోవాల్సిన మాటలన్నీ అందులోనే అయిపోయేవి.

ఇక ఈ మందుల షాపాయన ఎక్కణ్ణించి ఊడిపడ్డాడంటావా? నా మోకాళ్ళ వల్లేనమ్మా. మాత్రలు కొనడానికి నేను ఆయన షాపు మెట్లెక్కలేక బయట నించుంటే, కొంగ లోపలికెళ్ళి తెచ్చేవాడు. మొదట్లో చటుక్కున వచ్చేవాడు. తర్వాత్తర్వాత లోపల నవ్వులు వినపడ్డాయి. ఓ రోజు నేను ఎండలో నించుని నించుని, 'ఏరా, మాత్రలు తయారుచేసి ఇస్తున్నాడా?' అని కేకేశాను. ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. 'ఈయనకి కూడా గాలం సరదాట్రా' అన్నాడు కొంగ. ముఖం వెలిగిపోతోంది వాడికి.

నా మోకాళ్ళే తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాయి వాణ్ణి.

మంచివాడు కాదా అంటావా? మంచివాడే. అదేగా నా ఖర్మ. దొంగో, తాగుబోతో అయ్యుంటే నాకీ కష్టమే ఉండేది కాదు. ఓ తిట్టు తిట్టి తరిమేసేవాణ్ణి. గట్టిగా మాట్లాడడు. చేప పడితే వదిలేస్తాడు. నాకు మాత్రలిచ్చేటప్పుడు, 'తిన్నాక వేసుకోండన్నయ్యా' అంటాడు. అన్నయ్యట.

ఇంతలో ఓ రోజు మా ఊరి కాలవ గట్టున ఆయన జేబులోంచి ఓ పొట్లం తీశాడు. చిన్నచిన్న క్లిప్పులు, పిన్నీసుల్లాంటివి. ఒక్కసారి దారానికి బిగించి ఉంచితే, ఇంక ముడితో పనిలేదు. ముల్లు తెగితే ఇంకోటి తగిలించి బొటనవేలితో నొక్కడమే. కొంగ నొక్కాడు. టక్కుమంది. మళ్ళీ తీసి మళ్ళీ నొక్కాడు. 'ఒరేయ్ స్పానరూ, చూశావా, నేనే పెట్టానురా' అన్నాడు. చిన్నపిల్లాడు మొదటిసారి చెప్పులు తొడుక్కున్నట్టు నవ్వాడమ్మా.

'బాగుంది' అన్నాను.

ఆ రోజు నా ఒళ్ళోకి కర్ర వంగలేదు. ఆ తర్వాత కూడా వంగలేదు.

ఏంటలా చూస్తున్నావు? ఏదో చెప్పాలనుకుంటున్నావు, చెప్పు.

కింద గదిలో రెండు మంచాలు షాపాయనే వేయించాడా?

మళ్ళీ చెప్పు. ఫోన్లో ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు.

ఆ ఇద్దరు పెద్దాళ్ళనీ కింద గదిలో కలిపి పెట్టండి, ఒకర్ని విడిచి ఒకరు ఉండలేరు అన్నాడా? పైన మేమిద్దరం సర్దుకుంటాం, నేనూ టైలరూ అన్నాడా? అయితే ఈ కుర్చీలు టైలరుకీ ఆయనకీనా?

అబ్బా, నా కర్మ.

సంతోషించాలిగా అంటావా? ఎలా సంతోషించమంటావమ్మా? కొంగని నా పక్కన పడుకోబెట్టడానికి ఆయనెవరు? నా వాణ్ణి నాకు ఆయన పంచి ఇస్తాడా? పుచ్చుకోకపోతే పొగరుబోతునవుతాను. పుచ్చుకుంటే రాత్రిళ్ళు పక్క మంచం మీంచి వాడి గురక వినపడినప్పుడల్లా, ఇది ఆయన ఇప్పించిన గురక అని గుర్తొస్తుంది. మంచితనంతో కూడా మనిషిని ఇలా చావగొట్టొచ్చని నాకు ఇన్నేళ్ళొచ్చినా తెలీదు. లాఠీ నయం.

ఇదిగో, ఇది చూడు. నా జేబులో ఏముందో చూడు.

అవును, ఆ క్లిప్పుల పొట్లమే. మొన్న కొంగ ఇంటికెళ్ళాను. వాడు స్నానంలో ఉన్నాడు, వాళ్ళావిడ టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. గాలాల పెట్టె అరుగు మీదే ఉంది. తీశాను. టీ తాగాను. వచ్చేశాను. ఇక్కడ నీళ్ళల్లో పారేద్దామని తెచ్చాను. అందుకే వచ్చానమ్మా, పరుపులూ కొళాయిలూ చూడ్డానికి కాదు. వచ్చే వారం వాడు పెట్టెలో వెతుక్కుని, దొరక్క, కర్ర కొస నా ఒళ్ళోకి వంచుతాడని.

నా తల కాపాడిన చెయ్యి అది. అది ఎప్పటికీ బాగవకూడదని కోరుకున్నాను నేను. వాడు అలా నవ్వుతుంటే చూడలేకపోయాను. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

నువ్వేం అనకు. అనే మొహం పెట్టావు, అనకు.

పారేస్తే మాత్రం ఏం లాభం? పొట్లం పోయిందని వాడు అనేలోపు ఆయన ఇంకోటి తీసిస్తాడు. షాపుంది, జేబుంది, మనసుంది. ఏం లేదు ఆయనకి? తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేస్తాను. పెడతానో లేదో మరి, బస్సు దిగేలోపు చూద్దాం.

కింద గదే ఉంచు. రెండు మంచాలూ ఉంచు. గడియ మాత్రం బిగించు, కొంగకి చిన్న చప్పుడైనా మెలకువొచ్చేస్తుంది.

ఇంక లేస్తాను. చెయ్యివ్వమ్మా. ఎక్కేటప్పుడు కోపంలో తెలీలేదు, ఇప్పుడు ఈ కాలు నాది కాదంటోంది. కాదు, ఇటువైపు రా. ఆఁ, అలా. మెల్లిగా.

ఇలా పట్టుకుని దింపావని మావాళ్ళకి చెప్పకు. షాపాయనకి అసలే చెప్పకు. చెప్పావంటే వచ్చే వారం నాకో చేతికర్ర కొనుక్కొస్తాడు.

మంచిదే కొంటాడు కూడా.