టోపీ పట్టీలో కాయితం

సెప్టిమస్ ఫాసెట్ కోతలు కోస్తాడని మా లోయలో గొర్రెలక్కూడా తెలుసు. ఆ గురువారం నేను డోరా టీ గదికి వెళ్ళింది మాత్రం కోతలు వినడానిక్కాదు. కడుపు మండి వెళ్ళాను.

మా బావ విల్ఫ్ ఆదివారం పోయాడు. శుక్రవారం పదకొండింటికి పూడుస్తారు. మా యార్క్‌షైర్ కొండల్లో, మా వైపు, గొర్రెలు కాసినవాడు పోతే పువ్వులకంటే ముందు శవపేటిక మీద అతని టోపీ పెడతారు. అది లేకపోతే మనిషిని సగమే పంపినట్టు. మా అక్క ఎడ్నా తలుపు వెనక మేకుకున్న ముతక ఊలు ట్వీడ్ టోపీ తీసి నా చేతిలో పెట్టి, "ఇది మీ బావది కాదు తమ్ముడూ. ఆయనది సెప్టిమస్ నెత్తిన ఉంది. తీసుకురా. అది లేకుండా ఆయన్ని గడప దాటనివ్వను" అంది. ఇన్నాళ్ళూ వెళ్ళి ఎందుకు అడగలేదే అన్నాను. ఎందుకో చెప్పింది. విన్నాక నాకు ఇంకా ఒళ్ళు మండింది.

డోరా టీ గది పొట్టేళ్ళ సంతకి ఆనుకునే ఉంటుంది. అక్కడో కట్టుబాటుంది. బల్ల దగ్గర కూర్చునేవాడు టోపీ తీసి పొయ్యి పక్కన మేకుకి తగిలించాలి, లేకపోతే డోరా టీ పొయ్యదు. ఇరవై మేకులు, ఇరవై టోపీలు, వానలో తడిస్తే అన్నీ ఒకే మట్టిరంగు. సెప్టిమస్ ఒక్కడు మాత్రం మూడు వారాలుగా టోపీ తియ్యడం మానేశాడు. టీ లేకుండానే కూర్చుని కోస్తున్నాడు.

నేను ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడిగాను. "టోపీ బావుందే సెప్టిమస్. ఎక్కడ కొన్నావ్?"

అంతే. బల్ల మీద గుద్దాడు.

"ఎక్కడ కొన్నావా? నన్నే అడుగుతావా ఆ మాట? టోపీని కొనరయ్యా, ఎంచుకుంటారు! లీడ్స్ వెళ్ళాను, తెల్లారగట్ల మొదటి రైలెక్కి. కొట్టువాడు ఒకటి చూపించాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ట్వీడంటే తడిసిన గొర్రె వాసన రావాలా వద్దా? సబ్బు వాసనొచ్చింది. విసిరికొట్టాను. రెండోది చెంపకి రాశాను, పిల్లి నాలుకలా గీరుకోవాలది, మెత్తగా జారిపోయింది, అదీ విసిరేశాను. మూడోదాని అంచు పారంత పొడుగు! అంచు కనుబొమ్మని దాచాలి గానీ ముక్కుకి గొడుగు పట్టకూడదు. అలా నూటయాభై టోపీలు తీయించాను."

"ఆ కొట్లో నూటయాభై ఉన్నాయా?" అన్నాడు కిట్. రాతి గోడలు కట్టే ముసలాయన, నా పక్కనే కూర్చున్నాడు.

"లేవు! పక్క కొట్లోంచి తెప్పించాడు! మధ్యలో అడ్డు రాకు. ఆఖరికి వాడు ఏడ్చేశాడయ్యా. ఏడ్చి, మేడ మీంచి వాళ్ళ తాతగారి పెట్టె దింపి ఇది తీశాడు. 'అయ్యా, దీనికి తగ్గ తలకాయ ఇన్నాళ్ళూ మా కొట్టుకి రాలేదు' అన్నాడు. పెట్టుకుని బయటికొచ్చాను. వీధిలో ట్రాములు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? మీ అందర్లాగా నెత్తిన పడేసుకు తిరగలేదు. మూడు రోజులు వానలో నానబెట్టి, తడిదాన్నే పెట్టుకుని ఆరేదాకా తియ్యలేదు. అప్పుడది తలకాయ ఆకారంలోకి వస్తుంది. ఇహ వాలు సంగతి. ఎడమ కనుబొమ్మకి రెండు వేళ్ళ పైన, ఇదిగో, ఇలా. వెనక్కి తోశావా, సంతలో మోసపోయి వచ్చినవాడిలా ఉంటావ్. తిన్నగా పెట్టుకునేవాళ్ళున్నారు చూడు, కానిస్టేబుళ్ళలాగా, వాళ్ళకసలు టోపీ ఎందుకు? చిప్ప బోర్లించుకుంటే చాలదూ! ఇంకా దిక్కుమాలినవాళ్ళున్నారు. టోపీ వదులైతే లోపల పట్టీలో న్యూస్‌పేపరు మడిచి దోపుతారు. ఛీ! అలాంటివాడి మొహం పొద్దున్నే చూడకూడదు."

మా బావ బతికున్నన్నాళ్ళూ టోపీ తిన్నగానే పెట్టుకున్నాడు. నా చెయ్యి కోటు లోపలి జేబులోకి వెళ్ళింది. ఎంతదాకా పోతాడో చూద్దామని బలవంతాన ఆపుకున్నాను.

"మరి వెనకాల ఆ ఆకుపచ్చ రఫ్ఫేమిటి?" అన్నాను.

ఒక్క క్షణం తడబడ్డాడు. ఆ తడబాటుకి మరింత కోపమొచ్చింది.

"రఫ్ఫా? రఫ్ఫంటావా దీన్ని? ఆంబోతు కొమ్ము దిగిన గాయమది! మిల్లువాళ్ళ ఆంబోతు గొలుసు తెంపుకుని సంతలో పడ్డ రోజు గుర్తులేదూ? మీరందరూ గోడలెక్కేశారు."

"నేనెక్కలేదే" అన్నాడు కిట్.

"నువ్వా రోజు ఊళ్ళో లేవు! నేను కదల్లేదు. అది బుసలు కొడుతూ మీదికొస్తోంది, నేను నింపాదిగా టోపీ వాలు సర్దుకుంటున్నాను. కొమ్ము ఇలా వెనకాల తగిలిందో లేదో, నా వాలు చూసింది. చూసి సిగ్గుపడి మోకాళ్ళ మీద కూలబడింది. చెవి పట్టుకుని ఇంటిదాకా దిగబెట్టొచ్చాను. ఇప్పటికీ నన్ను చూస్తే తల వంచుతుంది."

"తల వంచడం కాదు, గడ్డి మేస్తోంది" అంది డోరా. గదంతా నవ్వింది.

సెప్టిమస్ కుర్చీ తన్నేసి లేచాడు. మొహం కందగడ్డలా అయిపోయింది. "నవ్వండి! బాగా నవ్వండి! నలభై ఏడో సంవత్సరం చలికాలంలో ఈ టోపీ లేకపోతే మీలో సగంమంది ఇక్కడ ఉండేవాళ్ళా? ఆరు వారాల మంచు. గోడలు లేవు, దారుల్లేవు. రైలు కూరుకుపోయింది, మూడొందలమంది లోపల. నేను కొండ కొసకెక్కి ఈ టోపీ తీసి గాలిలోకి విసిరాను. వెళ్ళింది, వెళ్ళింది, లోయ ఆ చివరిదాకా వెళ్ళింది. దాని నీడ పడ్డచోటల్లా మంచు కరిగిపోయింది. నా రెండొందల గొర్రెలూ దాని వెనకే పరిగెత్తి పట్టాలు తొక్కి శుభ్రం చేశాయి."

"నీకున్నవి పద్నాలుగు కదయ్యా" అన్నాడు కిట్.

"అప్పుడు రెండొందలు! మిగతావి ఆ రైలెక్కి వెళ్ళిపోయాయి! అడ్డు రావద్దని చెప్పానా లేదా? రైల్లోంచి ఓ డ్యూకు దిగాడు. మూడొందలమందీ ఆయన వెనకాల టోపీలు తీసి నిలబడ్డారు. 'నా కోట రాసిస్తాను, ఆ టోపీ ఇవ్వు' అన్నాడు. ఫోవోయ్ అన్నాను! ఎగిరెళ్ళిన టోపీ వెనక్కొచ్చి, ఎడమ కనుబొమ్మకి సరిగ్గా రెండు వేళ్ళ పైన వాలింది. అలాంటి టోపీని పట్టుకుని ఎక్కడ కొన్నావని అడుగుతాడా వీడు! ఏటేటా ఊరి సంబరాల్లో, పొట్టేలు కొమ్ముతో పిడి చెక్కిన చేతికర్రల పోటీలో మొదటి బహుమతి ఎవరిది? నాది! నేను గుడారంలో అడుగు పెడితే చాలు, ఈ టోపీ చూసి నిర్ణేతలు లేచి నిలబడతారు."

ఇక నావల్ల కాలేదు. జేబులోంచి అక్క ఇచ్చిన టోపీ తీసి బల్ల మీద పెట్టాను.

సెప్టిమస్ దాన్ని చూశాడు, చప్పున మొహం తిప్పుకున్నాడు. "నాది కాదు" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

లోపలి పట్టీ మడత విప్పి, చెమటకి పచ్చబడిపోయిన న్యూస్‌పేపరు ముక్క బయటికి లాగాను. కిట్ చేతికిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని, ముక్కని వెలుతురుకి పట్టుకుని చదివాడు.

"సంబరాల ఫలితాలు. కొమ్ముపిడి చేతికర్రలు. మూడో బహుమతి, సెప్టిమస్ ఫాసెట్." కాస్త ఆగి, కింది వరుస కూడా చదివాడు. "పోటీకి వచ్చినవారు ముగ్గురు."

నవ్వులకి గిన్నెలు కదిలాయి. నేను నవ్వలేదు.

"ఆ గాయం ఆంబోతుది కాదు" అన్నాను. "కుక్కపిల్ల కొరికితే మా అక్క, బావ మేజోళ్ళ ఊలుతో వేసిన రఫ్ఫది. వాన రోజు ఆ మేకు మీంచి ఎత్తుకుపోయావ్. రేపు మా బావని పూడుస్తున్నాం. తియ్యి."

నవ్వులు ఆగిపోయాయి. డోరా టీ కూజా కింద పెట్టేసింది.

"మొదటి రోజు పొరపాటే" అన్నాడు సెప్టిమస్. ఇంతసేపూ అరిచిన మనిషిదేనా ఆ గొంతు అనిపించింది. "మర్నాడు తెలిసింది. సరిగ్గా పట్టింది కదా... కాయితం లేకుండా. విల్ఫ్ కనిపెట్టలేదులే అనుకున్నాను."

"కనిపెట్టాడు. ఇంటికి వెళ్ళగానే కాయితం చూశాడు, నీ పేరు చదివాడు. అక్క వెళ్ళి తెచ్చుకోమంది. ఏమన్నాడో తెలుసా? 'చర్చి బయట వాణ్ణి చూశావా? జన్మలో మొదటిసారి తలెత్తుకు నడుస్తున్నాడు. సంతలయ్యేదాకా పెట్టుకోనీ, నాకు వాడిది చాలు' అన్నాడు. వానల్లో మూడు వారాలు నీ కాయితం టోపీ పెట్టుకు తిరిగాడు. అలాంటివాణ్ణి నువ్వు కానిస్టేబులన్నావ్."

సెప్టిమస్ టోపీ తీశాడు. నెత్తి మీద నాలుగు వెంట్రుకలు, నుదుటి మీద ఎర్రటి చార. జేబురుమాలుతో అంచు తుడిచాడు. చాలాసేపు తుడిచాడు. తర్వాత ఎడమ పక్కకి వాలి గట్టిపడిన ఆ టోపీని రెండు చేతుల్తో పట్టుకుని, కొంచెం కొంచెంగా వంపు తీసి, తిన్నగా చేసి నాకిచ్చాడు.

తనది తీసుకున్నాడు. కిట్ కాయితం చాపాడు. వద్దన్నట్టు తల ఊపి, కాయితం లేకుండానే పెట్టుకున్నాడు. అది కళ్ళ మీదికి జారిపోయింది. ఎవ్వరం నవ్వలేదు.

గుమ్మం దాకా తడుముకుంటూ వెళ్ళి ఆగాడు.

"పేటిక మీద వాలుగా పెట్టనివ్వకు ఎడ్నాని" అన్నాడు. "తిన్నగా పెట్టమను. విల్ఫ్‌కి అదే బావుండేది."