రేపటి పచ్చడి

అనకాపల్లిలో బెల్లం వ్యాపారి త్రినాధరావు ఇల్లు. వంటింటి వెనక వసారాలో రోటి ముందు ఆయన భార్య అప్పలకొండమ్మ పీట వేసుకుని కూర్చుంది. ఎదురుగా కోడలు దివ్య. పదకొండున్నర దాటింది.

"అయ్యో, అదేటత్తయ్యా, నీళ్ళు పోసేసేరు?"

"పొయ్యొద్దా?"

"ఇప్పుడే కదా చెప్పేను! కొత్తిమీరలో ఉన్న తడే చాలు. చూడండి, జారుగా అయిపోయింది. మావయ్యగారు కంచం తోసేస్తారు."

"తోత్తే తోత్తారు."

"అలాగనకండి. ఇయ్యాల ఆయనకి నచ్చకపోతే నా ఉద్యోగం పోయినట్టే. నిన్న మీరూ విన్నారు కదా, ఏటన్నారో?"

"ఏటన్నారు?"

"'పరవాడ మందుల కంపెనీలో చేరితే చేరు, నా పచ్చడి మాత్రం ఆగకూడదు. మీ అత్త మళ్ళీ నేర్చుకుని ఓ పూట నాకు నచ్చేలా పెడితే ఎల్లు' అన్నారు. రేపు పొద్దున్న ఆరుంపావుకి కంపెనీ బస్సు. కెమిస్ట్రీ చదువుకుని మూడేళ్ళు రోటికాడ కూర్చున్నాను. మళ్ళీ ఇలాంటి లెటర్ రాదత్తయ్యా."

"నానాజీ ఏటంతన్నాడు?"

"మీ అబ్బాయా? 'నాన్న ఒప్పుకుంటే నాకేటి' అంతన్నాడు."

"ఆడంతేలే. పోనీ, మిక్సీలో తిప్పేద్దామా?"

"మిక్సీలో తిప్పితే గడ్డి వాసనంటారు. ఫ్రిజ్జులో పెడితే పాసిపోయిందంటారు. పొద్దున్న ఇడ్లీలోకి, మజ్జాన్నం అన్నంలోకి, వేపుడు చేప పక్కన, రాత్రి చపాతీలోకి... ఏ పూటకి ఆ పూట నూరాల్సిందే. మీకు తెలీందేటి?"

"తెల్దు. అన్నీ మర్సిపోయేను. సెయ్యి నొప్పి కూడాను."

"సరే, ఇది తీసేద్దాం. మళ్ళీ మొదట్నుంచి. పచ్చిమిర్చి, ఉప్పు, జీలకర్ర, అల్లం ముక్క. ముందు ఇవి మెదగాలి. ఉప్పు ఒక్కసారే వెయ్యండి, ఇందాకట్లా రెండుసార్లు కాదు. నూరతా ఉండండి, నేను పుదీనా కడిగి తెస్తాను."

"కడుగు, కడుగు. కంగారేటి?"

దివ్య కుళాయి దగ్గరికి వెళ్ళింది. తిరిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అత్తయ్యా."

"ఏటి?"

"కొత్తిమీర కాడలు తుంచి రోట్లో వేసేరు. ఆకు పక్కనెట్టేరు."

"అయితే?"

"కాడలు ముందు, ఆకు ఆఖర్న. అది నేనింకా చెప్పలేదు."

"ఏదో... సెయ్యి అలా ఎల్లిపోయింది."

"బెల్లం కూడా వేసేరు. నేనెప్పుడూ బెల్లం వెయ్యనే."

"సిన్న ముక్కే."

"మీకు వచ్చు."

"నెమ్మదిగా మాటాడు."

"మీకు వచ్చత్తయ్యా! నాకంటే బాగా వచ్చు. ఆ నీళ్ళు, ఆ ఉప్పు... అన్నీ కావాలనే చేసేరా?"

"ముప్పయ్యేళ్ళు నూరేను. నాకు రాకపోడమేటి?"

"మరెందుకు?"

"నువ్వు కాపరానికొచ్చిన కొత్తలో ఓరోజు నువ్వు నూరేవు. మీ మావయ్య అడిగి మళ్ళీ ఏయించుకున్నారు. ఆ మర్నాడే నాకు సెయ్యి నొప్పొచ్చింది. వారం తిరక్కుండా ఉప్పూకారాలు మర్సిపోయేను. నా పీట నీకిచ్చేసి తప్పుకున్నాను."

"నన్ను కూర్చోబెట్టి."

"నిన్ను కూకోబెట్టే. కాదన్ను."

"పెద్దోరు, మిమ్మల్ని ఏటంటాను? కానీ రోజూ పదకొండయ్యేసరికి గురువమ్మ పిన్నిగారింటికని బయల్దేరిపోతారు. ఒంటిగంటకి వస్తారు. ఆ కబుర్ల కోసమా ఇదంతా?"

"గురువమ్మింటికి ఎప్పుడెల్లేను? దాని మొహం సూసి ఏడాదయ్యింది."

"మరెక్కడికి?"

"సెప్తే నవ్వుతావు."

"నవ్వను."

"టేసనుకి."

"రైల్వే స్టేషనుకా? ఎందుకు?"

"ఎందుకూ లేదు. ఒకటో నెంబరు ప్లాట్‌ఫారం మీద ఫేను కింద ఓ బెంచీ ఉంది. కూకుంటాను. బళ్ళొత్తాయి, ఎల్తాయి. ఎవరెవరో దిగుతారు, ఎక్కుతారు. ఉప్పు తగ్గిందని అనేవోళ్ళుండరు, కారం ఎక్కువైందని అనేవోళ్ళుండరు. టీ తాగుతాను. ఒకోరోజు రెండు తాగుతాను."

"రోజూనా?"

"ఆదోరం తప్ప. ఆదోరం మీ మావయ్య ఇంటికాడే ఉంటారు కదా. పెళ్ళయ్యేక నాయి అనుకున్నయి ఆ రెండు గంటలే దివ్యా. నువ్వు బస్సెక్కితే నేను మళ్ళీ ఈ పీట మీదకి రావాల. నువ్వెక్కకపోతే..."

"నేను ఈ పీట మీదే ఉండాల."

"అదీ సంగతి. మరేటి సెయ్యను? ఉప్పు రెండుసార్లు ఏసేను."

"నాకెందుకు చెప్పేరత్తయ్యా? చెప్పకపోతే ఎలాగోలా మిమ్మల్ని బతిమాలుకుని వెళ్ళిపోయేదాన్ని. ఇప్పుడెలా అడుగుతాను?"

"ఏడవకు. పుదీనాలో పడతాయి."

"ఫోన్ చేసి రానని చెప్పేస్తాను."

"నోర్ముయ్యి. ఆ పుదీనా ఇటు తే. నీకు ఇరవయ్యారు. నాకు యాభయ్యయిదు దాటేయి. నేను నూరతాను, బాగా నూరతాను. నేనే సేసేనని సెప్తాను. రేపు ఆరింటికే ఎల్లి నిలబడు, బస్సు తప్పిపోగలదు."

"మరి మీ స్టేషను?"

"సూద్దాం. ఆయన ఊరెల్లిన రోజులుండవేటి? ఎప్పుడో ఓరోజు... నిమ్మకాయ కొయ్యి. గింజలు పడనియ్యకు."

"నేను నూరతాను, లేవండి. మీ వేళ్ళు ఎర్రబడిపోయేయి."

"అలవాటు తప్పింది కదా. వారంలో సర్దుకుంటాయి. అదిగో, స్కూటరు సప్పుడు. మొహం కడుక్కుని కంచం పెట్టు."

త్రినాధరావు కాళ్ళు కడుక్కుని వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. అప్పలకొండమ్మ వడ్డిస్తోంది, దివ్య పక్కన నిలబడింది.

"ఏమ్మా దివ్యా, మీ అత్త నేర్చుకుందా?"

"నేర్చుకున్నారు మావయ్యగారూ. అత్తయ్యే నూరేరు."

"నువ్వు చెయ్యెట్టలేదు కదా?"

"లేదండి. పుదీనా కడిగేను, అంతే."

"సూద్దాం... ఊఁ."

"ఎలాగుందండీ?"

"ఇంకాస్త ఎయ్యి."

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది. దివ్యా, రేపు ఎల్లి చేరిపోమ్మా. నేనన్న మాట తప్పను."

"మావయ్యగారూ, ఒక్క మాట... వారానికోసారి, రెండుసార్లు మజ్జాన్నం పచ్చడి లేకుండా సర్దుకోలేమా? అత్తయ్యకి చెయ్యి నొప్పి..."

"నువ్వూరుకో దివ్యా. నాకేటీ నొప్పి లేదు."

"ఏ నొప్పీ లేదమ్మా మీ అత్తకి. ముప్పయ్యేళ్ళు తిన్న పచ్చడి, నాకు తెలీదేటి? మర్సిపోయినోళ్ళు ఒక్కపూటలో ఇలా నూరరు."

"అదేటండీ, దివ్య పక్కనుండి సెప్పబట్టి..."

"మజ్జిగ పొయ్యి."

"పోత్తన్నాను. అలా సూత్తన్నారేటి?"

"ఏటీ లేదు. బెల్లం పార్సిళ్ళ పని మీద వారంలో నాలుగు రోజులు నేనూ స్టేషనుకి వత్తాను కొండమ్మా. ఆ పార్సిలాఫీసు కిటికీలోంచి ఒకటో నెంబరు మీది బెంచీ బాగా కనపడతాది. ఇంట్లో కోడలుంది కదా, పోనీలే అని మూడేళ్ళూ ఊరుకున్నాను. రేపట్నుంచి అక్కడ ఇంకెవరైనా కూర్చుంటార్లే."