పచ్చరంగు వీధి

బురద బూట్లతోనే సహాయదళం పెద్దాయన రాడార్ గదిలోకి వచ్చాడు. కొండచరియ విరిగిపడకముందు ఇళ్లెక్కడ ఉండేవో చూపే ఉపగ్రహ రాడార్ పటం మీద ఒక పచ్చటి చోట వేలు పెట్టి, దాన్ని తయారుచేసిన అమ్మాయిని అడిగాడు.

"ఇక్కడికి మమ్మల్నెందుకు పంపలేదు తల్లీ?"

"అవి చెట్లండీ. గోడకూ నేలకూ తగిలి తిరిగొచ్చిన రాడార్ అల ఎరుపు, అంటే ఇళ్లు; కొమ్మల్లో చెదిరిపోయింది పచ్చ. ఎరుపున్న చోటల్లా మీకు చెప్పాం కదా."

"చెట్లెక్కడివమ్మా? అన్నీ ఇళ్లే. వీధి వీధంతా ఐమూలగా ఉంది."

ఆమె పటాన్ని దగ్గరికి లాక్కుంది. రాడార్‌కు ఐమూలగా నిలిచిన గోడలు చెట్లలాగే కనిపిస్తాయని, ముందు ఆ కోణం సరిదిద్దుకోవాలని కొత్తవాళ్లకు పాఠం చెప్పేది తనే.

"తొందరలో... సరిదిద్దలేదండీ. అక్కడ ఎవరైనా...?"

"నిన్నటిదాకా మట్టి కింద ఎవరో గోడ తట్టారట. పక్క వీధివాళ్లు విన్నారు. వట్టి చేతులతో ఎంతని తవ్వుతారు?"

"మరి ఈవేళ?"

"ఈవేళ మేం తట్టాం తల్లీ. చాలాసేపు తట్టాం."