వరదను జరిపిన కమాండు

షోళింగనల్లూరు ఆఫీసుల వెనక సందులో కలైవాణి టీ కొట్టు. తుఫాను వస్తుందని టీవీల్లో ఒకటే గోల, మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడింది. పోయినేడు ఈ కొట్లో నీళ్ళు నిలిచి ఫ్రిజ్జు పాడైపోయింది. అప్పు చేసి కొత్తది కొన్నది పాపం. అందుకే టీ పోస్తూ ఫణీంద్రను అడిగింది. వానలూ వరదలూ కంప్యూటర్లో లెక్కగట్టే ఆఫీసు వాడిది.

"తమ్ముడూ, సామాన్లు మేడమీదికి ఎక్కించేదా, వద్దా? ఉండేది ఉన్నట్టు చెప్పు."

అడగడమే ఆలస్యం, వాడు బెంచీ మీద కాళ్ళు మడుచుకున్నాడు.

"సరైన మనిషినే అడిగినావక్కా. మొన్న ఊరంతా వాన కొలిచిన ఫైళ్ళు వచ్చి పడినాయి, లక్షకు పైనే, ఒక్కదానికీ సరైన పేరు లేదు. మా వాళ్ళంతా మౌసు పట్టుకోని ఒక్కొక్కటే పేరు మారుస్తా కూచున్నారు. నేను నల్ల స్క్రీను తెరిచినా, టెర్మినల్ అంటారు దాన్ని. ఒకే ఒక్క లైను కొట్టి, ఈడికొచ్చి టీ తాగి పోయేసరికి ఫైళ్ళన్నీ ఇస్కూలు పిలకాయల మాదిరి వరసలో నిలబడుండాయి!"

"అది జరిగే పనేలే," అన్నాడు ఆఫీసు క్యాబు నడిపే తిరువేంగడం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ఫైళ్ళు పెట్టి సిమ్యులేషన్ తోలినా. అంటే ఏందక్కా, కంప్యూటర్లోనే ఊరు కట్టి, దానిమీద వాన కురిపించి, నీళ్ళు ఏడికి పోతాయో లెక్క చూసేది. అందరూ ఊరిని పెద్ద పెద్ద గళ్ళుగా కోస్తారు. నేను వీధికొక గడి పెట్టినా. చాల్లేదు, ఇంటికొకటి. అదీ చాల్లేదప్పా, టీ గ్లాసుకొకటి! నీ బాయిలరు కూడా కనపడిందక్కా, ఆవిరితో సహా."

"నేను కనపడలేదా?"

"కనపడకేం, టీలో చక్కెర తక్కువేస్తా ఉండావు! సరే, వాన మొదలైంది, కంప్యూటర్లోనే. చూస్తే కీబోర్డు సందుల్లోంచి చినుకులు పైకి లేస్తా ఉండాయి! మేనేజరు గొడుగేసుకోని వచ్చినాడు. ఎన్నూరు కాలవలోంచి రొయ్యలు స్క్రీను మీదికి ఎగరతా ఉంటే, ప్రింటరు వాటిని పట్టి పట్టి బయట పెడతా ఉండాది."

"వేపుడు కూడా చేసిందా?" అన్నాడు తిరువేంగడం.

"నవ్వబాకన్నా, అసలు కథ ఈడుండాది. మా కంప్యూటర్లను నడిపే లినక్సులో ప్రతిదీ ఫైలే. అట్లయితే వరద కూడా ఫైలే కదా! ఫైలును ఇంకో చోటికి జరిపే కమాండు ఎం.వి. దాని పక్కన వరద పేరు కొట్టి, డెవ్ నల్ అని కొట్టినా. అదొక పాతాళం, ఏం వేసినా తిరిగి రాదు. ఎంటర్! పళ్ళికరణై చిత్తడి నేల నించి సముద్రం దాకా నీళ్ళన్నీ సర్రుమని లోపలికి పోయినాయి. ఈ వచ్చే తుఫాను ఒట్టి డబ్బా, లోపల సరుకు లేదు. నీ కొట్లోకి చెంబెడు నీళ్ళొస్తే నా పేరు మార్చుకుంటా. ఏదీ కదిలించబాకు!"

కలైవాణి నమ్మింది. అప్పటికే ఎత్తిపట్టుకున్న చక్కెర మూటను మళ్ళీ కింద పెట్టేసింది.

తిరువేంగడం గ్లాసు పక్కన పెట్టాడు. "ఒక మాట ఫణీ. పొద్దున వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద వస్తా ఉంటే చూసినా. నీళ్ళకు భయపడి కార్లన్నీ ఆడ నిలిపుండారు. అన్నిటికన్నా ముందుండేది నీ ఎర్ర కారే కదా? చక్రాల కింద రాళ్ళు కూడా పెట్టినావే."

కలైవాణి ఫణీంద్ర వైపు తిరిగింది.

"తమ్ముడూ?"

ఫణీంద్ర మంచివాడే, నోటికే కళ్ళెం లేదు. తల వంచుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా మడుచుకున్నాడు.

"లెక్కలో నీ కొట్లోకి నడుము దాకా వస్తా ఉందక్కా. నీ మొహం చూసినాక ఆ మాట చెప్పేదానికి నోరు రాలేదు. ముందు స్టవ్వు ఆర్పు."

వాడు పోయి ఫ్రిజ్జును ఒక పక్క పట్టుకున్నాడు.

"ఎం.వి. కొట్టరాదా?" అన్నాడు తిరువేంగడం.

"ఈ కమాండుకు ఇద్దరు మనుషులు కావాలన్నా. ఆ పక్క నువ్వు పట్టు!"